ఊపిరి ముహూర్తం

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

ఇల్లు కొన్నాం. ఈ మాట రాసుకోవడానికే కొత్త పుస్తకం తెరిచాను.

లంకల కింది వరసలో, బుల్లెమ్మగారి ఇంటికి జంట ఇల్లు. అమ్మినాయన కొండలరావు మాస్టారు. ఈ చుట్టుపక్కల కాలవల్లో ఈత వచ్చిన ప్రతివాడూ చిన్నప్పుడు ఆయన చేతిలో నీళ్ళు మింగినవాడే. నేనూ మింగాను. అందుకే కాబోలు, బేరం ఆడేటప్పుడు కూడా ఆయన ముందు ఊపిరి బిగబట్టుకునే నిలబడ్డాను.

మా ఆవిడ సీతారత్నం పుట్టింది గట్టు గదుల్లో, పెరిగింది గట్టు గదుల్లో, నన్ను చేసుకుని కాపరానికి వచ్చింది కూడా గట్టు గదికే. నీళ్ళు వచ్చినప్పుడల్లా మూట నెత్తిన పెట్టుకుని మెట్లు ఎక్కడం, కింద గది ఆరేదాకా పైన ఊరందరితో కలిసి పడుకోవడం. లేచే ఇంట్లో ఒక్కసారి కూర్చోవాలని ఆమె కోరిక. పొయ్యిమీద పప్పు పొయ్యిమీదే ఉండగా ఇల్లే నీళ్ళతోపాటు పైకి లేవడం. అది ఎలా ఉంటుందని కింది వరసవాళ్ళను అడిగితే అందరూ ఒకటే చెబుతారు, ఏమీ తెలీదండీ అని. ఆ ఏమీ తెలియకపోవడమే ఆమెకు కావాలి.

సంతకాలు ఈరోజే అవ్వాలని మాస్టారు పట్టుబట్టారు. ఆయన కూతురు ఇందుమతి కొండమీద ఉంటుంది, ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. తల్లి లేదు. పురుడుకు ఆడపిల్ల పుట్టింటికి రావాలి గానీ, నిండు మనిషిని ఈ నీళ్ళల్లోకి ఎవరు దింపుతారు? అందుకని ఈసారి పుట్టిల్లే కొండెక్కుతోందయ్యా అని ఆయన నవ్వారు. కింద ఇల్లున్నవాళ్ళను కొండమీద కాపరం ఉండనివ్వరు. ఇల్లు అమ్మిన కాగితం చూపించాకే కొండదారి పడవలో చోటు రాస్తారు. మూఢం నడుస్తోంది కదా మాస్టారూ అని నసిగాను. ముసలాడికి మూఢమేమిటయ్యా అన్నారు. సంతకాలు అయిపోయాయి. ఆయన ట్రంకుపెట్టె తీసుకుని రేవు సత్రానికి వెళ్ళిపోయారు, పడవ వచ్చేదాకా అక్కడే ఉంటారట.

ఆశ్వయుజ బహుళ ద్వాదశి

పొద్దున్నే లాకుల దగ్గర ఉప్పు చూసి వచ్చి, బీమా పనిలో పడ్డాను. నా ఉద్యోగం అదే, కాలవ నీళ్ళలో ఉప్పు ఎంత ఉందో చూసి, ఎక్కువైతే తలుపులు దించమని చెప్పడం.

మా తాతల కాలంలో బీమా అంటే ఇల్లు పోయాక డబ్బు ఇచ్చేవారట. పోయాక ఇచ్చి ఏం ఉద్ధరించేవారో నాకు తెలియదు. ఇప్పుడు బీమా అంటే ఇల్లు లేవడమే. కింద గుంటలో నీళ్ళమీద డొల్ల తెప్ప, తెప్ప మీద ఇల్లు, మూలమూలకీ ఇనుప స్తంభం. మామూలు రోజుల్లో స్తంభాల పట్లు ఇంటిని కిందికి పట్టుకుని ఉంటాయి. వరద వచ్చినప్పుడు ఆ పట్లను వదిలేది బీమావాళ్ళు, వాళ్ళ చోటినుంచి. బీమా లేని ఇంటికి పట్టు వదలదు. ఇల్లు ఉన్నచోటే ఉండి మునుగుతుంది.

బీమావాళ్ళ తరఫున మాట్లాడేదాన్ని అందరం గొంతు అంటాం. మనిషి కాదు, అయినా మనిషికన్నా మర్యాదగా మాట్లాడుతుంది. పిల్లను చూడడానికి వచ్చిన పెళ్ళివారు కూడా అన్ని ప్రశ్నలు వెయ్యరు. ఇల్లు ఎంతకు కొన్నారన్నది మాకు అనవసరం, మళ్ళీ కట్టాలంటే ఏమేమి కావాలో చెప్పండి అంది. తెప్పకు పాకుడు గీకించి ఎన్నాళ్ళయింది, స్తంభాలకు ఆముదం పట్టిస్తున్నారా, పైకప్పుమీద ఏమైనా పాదులు పెంచుతారా అంది. ఇంట్లోకి తెచ్చే సామాను బరువు చెప్పమంది. నేను మంచాలూ బీరువా చెప్పి ఊరుకోబోతే, వెనకనుంచి సీతారత్నం రుబ్బురోలు, రుబ్బురోలు అని గుర్తుచేసింది. చెప్పిన బరువు తక్కువైతే లేచిన ఇల్లు ఒక పక్కకు ఒరుగుతుందట.

జంట ఇళ్ళకు పక్కింటివాళ్ళ పూచీ కూడా కావాలి. మధ్య స్తంభాలు రెండిళ్ళకీ అవే. ఒకటి లేచి ఒకటి లేవకపోతే, లేచినదాని నడుం విరుగుతుంది. బుల్లెమ్మగారు చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చారు. చాలా ఏళ్ళు రేవు పడవ నడిపి మానేసిన మనిషి, గట్టిగా తప్ప మాట్లాడలేరు. గోడకున్న బీమావాళ్ళ పలకమీద అరచెయ్యి పెట్టి, "ఆయ్, నేనే పూచీ అండి. ఉప్పు చూసేవాడు కదండీ, తేడా చెయ్యడు," అన్నారు.

ఆఖరున గొంతు అడిగింది, బీమా ఈ క్షణం నుంచే మొదలుపెట్టమంటారా అని.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. బీమా మొదలయ్యే క్షణాన్ని మా వరసల్లో ఇంటికి ఊపిరి పొయ్యడం అంటారు. పట్లు సరిగా వదులుతున్నాయో లేదో చూసుకోవడానికి బీమావాళ్ళు అప్పుడు ఇంటిని జానెడు లేపి దించుతారు. సరిగ్గా ఆ జానెడు లేచేటప్పుడు లోపల పొయ్యిమీద పాలు పొంగాలి. ఇల్లు మొదటి ఊపిరి పీల్చిందని వరసంతా కూర్చుని పరమాన్నం తింటారు. ఎవరూ మూఢంలో ఊపిరి పొయ్యరు. అమ్మేవాళ్ళను బతిమాలి, అమ్మకమే ముహూర్తం దాకా ఆపించుకుంటారు. మాకు ఆ అవకాశం లేకపోయింది.

సీతారత్నం నా భుజం పట్టుకుని, "ముందు పెట్టించేద్దామండీ. పాలు ఎప్పుడైనా పొంగించుకోవచ్చు," అంది.

జానెడు లేచేది ఒకసారే కదా, రెండోసారి లేపమంటే గొంతు నవ్విపోతుంది అన్నాను. కొన్నదే మూఢంలో, ఊపిరి కూడా మూఢంలో పోసి రేపు ఏదైనా అయితే నన్నే అంటావు అన్నాను. నేనేమీ అననండి అంది. నువ్వు అనకపోయినా మీ అక్కలు అంటారు అన్నాను. నాకు ముహూర్తాలమీద నమ్మకం లేదు. అయితే నమ్మకం లేనివాడికి భయం ఉండకూడదని ఎక్కడా లేదు.

కార్తీక శుద్ధ దశమి, పొద్దున్న, మంచి లగ్నం. గొంతుకు అదే చెప్పాను. అప్పటిదాకా ఇంటికి ఏ రక్షణా ఉండదు, మీకు అర్థమైనట్టేనా అని అడిగింది. అర్థమైంది అన్నాను. సీతారత్నం లోపలికి వెళ్ళి పెట్టెలు సర్దుకుంది.

ఆశ్వయుజ అమావాస్య

దీపావళి. తెప్పకింద పాకుడు గీకాను. నడుం పట్టేసింది. కొన్నప్పుడు ఎవరూ చెప్పరు, సొంతిల్లంటే సగంరోజు గుంట నీళ్ళల్లో దిగి గీకడమేనని. బుల్లెమ్మగారు తన వైపునుంచి గీకుతూ, అసలు గీకడం ఎలాగో నాకు తెప్ప కిందనుంచే అరిచి నేర్పారు.

సాయంత్రం గుమ్మంలో ప్రమిదలు పెట్టాం. బుల్లెమ్మగారి అరుగూ మా అరుగూ ఒకటే కాబట్టి ఎవరి దీపాలు ఎవరివో తెలియలేదు. సీతారత్నం ముహూర్తానికి ఎంతమందిని పిలవాలో చెబుతూనే ఉంది. గట్టు గదులవాళ్ళందరినీ పిలుస్తుందట. పిలవమన్నాను.

కార్తీక శుద్ధ విదియ

ఈరోజు నీళ్ళు నోట పెట్టుకోగానే ఉమ్మేశాను. ఇంత ఉప్పు ఈ రోజుల్లో ఉండకూడదు. తలుపులు దింపించాను. సముద్రం మీద అల్పపీడనం ఉందని కబురు వచ్చింది.

సీతారత్నానికి చెప్పకుండా ఉండాల్సింది, చెప్పాను. అన్నం వడ్డిస్తున్న మనిషి ఆగిపోయి, ఇప్పుడే గొంతును పిలిచి బీమా మొదలెట్టించమంది. కార్తీకంలో పుట్టేవి పైకి, ఒడిశా దిక్కుకు పోతాయి అన్నాను. ఎన్ని చూశాను అన్నాను. రేపు నీళ్ళ రుచి చూసి, అవసరమైతే అప్పుడే పిలుస్తాను, ఈమాత్రానికే కంగారుపడి ముహూర్తం చెడగొట్టుకోవడం దేనికి అన్నాను. "మీ ఇష్టమండీ," అంది. ఆమె ఆ మాట అన్నదంటే తనకు ఇష్టం లేదని పదిహేనేళ్ళ కాపరంలో నాకు తెలియకపోలేదు.

కార్తీక శుద్ధ తదియ

తుఫానుకు పేరు పెట్టేశారు. కోయిల అట. మనం బిడ్డకు ఇరవై ఒకటో రోజు దాకా పేరు పెట్టం, దానికి మాత్రం కళ్ళు తెరవకముందే పేరు.

నేను లాకుల దగ్గర ఉండగా ఆ పేరు విన్నాను. పడవ వేసుకుని ఇంటికి వచ్చి గొంతును పిలిచాను. ముహూర్తం వద్దు, ఇప్పుడే మొదలుపెట్టు అన్నాను.

"క్షమించాలి దొరబాబుగారూ. తుఫానుకు పేరు పెట్టిన తరువాత కొత్త బీమా మొదలుపెట్టే అధికారం మాకు లేదు. మీరు కోరిన దశమి ఘడియకు మీ బీమా తప్పక మొదలవుతుంది."

షష్ఠినాటికి నీళ్ళు కిటికీలు దాటుతాయి, దశమికి ఏం లేపుతావు అని కేకలేశాను. అది కోప్పడదు. అదే మర్యాదతో, అదే మాట మళ్ళీ చెప్పింది. ఆ మర్యాదను పట్టుకుని గొంతు పిసకాలనిపించింది, కానీ దానికి మెడ లేదు.

బతిమాలాను. నా ఇల్లు పోతే పోనియ్యి, పక్కావిడ ఎన్నో ఏళ్ళుగా బీమా కడుతోంది, ఆవిడ ఇల్లు విరుగుతుంది కదా అన్నాను. అవును, విరుగుతుంది, అందుకే పూచీ అడుగుతాము అంది. ఆవిడ ఇంటిని లేపకుండా ఉంచితే అంటే, లేపకపోతే మునుగుతుంది అంది.

అప్పుడు ఇంకో దారి చెప్పింది. అమ్మకం జరిగిన పక్షం రోజుల్లోపు ఇద్దరూ ఒప్పుకుని రద్దు చేసుకుంటే, మాస్టారి పాత బీమా మేలుకుంటుంది. అది కొత్తది కాదు, తుఫాను పేరు దానికి అడ్డం రాదు. ఇల్లు లేస్తుంది. అయితే ఇల్లు మళ్ళీ ఆయనది అవుతుంది. తుఫాను ముందు అలా మేలుకున్న బీమాకు ఒక షరతు ఉంది, ఏడాదిపాటు ఆయన ఆ ఇల్లు అమ్మకూడదు, ఆ ఇంట్లోనే ఉండాలి. ఇళ్ళు కొనేవాళ్ళ వరసలో మా పేరు మళ్ళీ చిట్టచివరికి పోతుంది. మా పేరు ముందుకు రావడానికి మా పెళ్ళినాటినుంచి ఇప్పటిదాకా పట్టింది.

ఈ దారి సంగతి ఇంట్లో చెప్పలేదు. పేరు పెట్టినవన్నీ వస్తాయా, కొన్ని దారి మళ్ళుతాయి అనుకున్నాను. సిగ్గులేకుండా ఇంకా అదే అనుకున్నాను.

కార్తీక శుద్ధ చవితి

నాగుల చవితి. ఎవరూ పుట్టలో పాలు పోయడానికి వెళ్ళలేదు.

పొద్దుటినుంచి పానా పట్టుకుని పట్లు విప్పడానికి చూశాను. చేతితో విప్పేవే అయితే అందరూ విప్పుకుందురు. అరచేతులు బొబ్బలెక్కాయి. లాకుల దగ్గర పనిచేసే ఇద్దరు మనుషుల్ని తెచ్చి గడ్డపార వేసి లాగాం. గడ్డపార వంగింది.

మధ్యాహ్నం అరుగుమీదికి వచ్చేసరికి బుల్లెమ్మగారు తన ఇంట్లో సామాను బయట పెట్టుకుంటున్నారు. ఎక్కడికండీ అన్నాను. గట్టుమీదికి, నిన్న గొంతుమీద నీ కేకలు గోడ ఇవతలికి వినబడ్డాయిలే అన్నారు. ఇత్తడి బిందెలూ, ఆవిడ పడవ చుక్కానీ, దేవుడి పటాలూ. నన్ను తిడతారనుకున్నాను. పేరు పెట్టకముందు ఒక్కమాట చెప్పి ఉంటే ఆవిడ పూచీ వెనక్కి తీసుకునేవారు, బీమావాళ్ళు మధ్య స్తంభాలను విడదీసి ఆవిడ ఇంటిని ఒంటరిగా లేపేవారు. విదియనాడు ఉప్పు తగిలింది నా నాలుకకే. పక్కగోడ అవతల ఉన్న మనిషికి చెప్పాలని నాకు తోచలేదు.

ఆ మాట ఆవిడతోనే అన్నాను. చుక్కాని భుజాన వేసుకున్నారు.

"నేను పడవ నడిపినన్నాళ్ళూ, ఎక్కినోళ్ళని దింపకుండా ఎప్పుడూ రేవు దాటలేదు బాబూ. పూచీ ఇచ్చాక వెనక్కి తీసుకునేదాన్ని కాదులే. నువ్వు చెప్పినా తీసుకునేదాన్ని కాదు. కానీ చెప్పాల్సింది."

అంతే. మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను లోపలికి వచ్చి సీతారత్నానికి రద్దు సంగతి చెప్పాను. ఎప్పుడు తెలిసింది అని అడిగింది. నిన్ననే అన్నాను.  ఆమె లేచి, ముహూర్తానికని వేరుగా ఏరి పెట్టిన బియ్యం మళ్ళీ డబ్బాలో పోసేసి, "పొద్దున్నే మాస్టారి దగ్గరికి వెళ్ళండి. నేనూ వస్తాను," అంది.

కార్తీక శుద్ధ పంచమి

సత్రంలో మాస్టారు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని కూర్చున్నారు. కొండదారి పడవ మధ్యాహ్నం. తుఫానుకు ముందు ఇదే ఆఖరి పడవ. ట్రంకుపెట్టె మీద ఒక సంచి ఉంది, దాన్నిండా బాలింతకు పెట్టే మందులూ, కరక్కాయ, వాము, శొంఠి. భార్య ఉన్నప్పుడు పక్కింటి ఆడపిల్లలకు ఏమేం పెట్టేదో గుర్తుచేసుకుని కొన్నానని ఆయనే సీతారత్నానికి చూపించారు.

 వచ్చిన సంగతి చెప్పాను. ముహూర్తం, ఉప్పు, పేరు, బుల్లెమ్మగారు, అన్నీ. అడగడానికి వచ్చానని కూడా చెప్పాను, అడగడానికి నోరు రావడం లేదని కూడా చెప్పాను. చిన్నప్పుడు నీళ్ళల్లో కాళ్ళాడించనప్పుడు చూసినట్టే నన్ను చూశారు.

"రద్దు చేస్తే నేను కొండెక్కడానికి లేదు కదా," అన్నారు.

"లేదండి. ఏడాదిదాకా."

"నువ్వు కొన్న ఇల్లు నీది కాకుండా పోతుంది."

"పోతుందండి."

రేవులో పడవవాడు పేర్లు చదువుతున్నాడు. మాస్టారి పేరు చదివాడు. ఆయన పలకలేదు. మళ్ళీ చదివాడు.

"నీ కోసం కాదయ్యా," అన్నారు చివరికి. "ఆ ఇంటికోసమూ కాదు. ముప్ఫయ్యేళ్ళు ఒకే స్తంభాన్ని చెరో పక్కా ఆనుకుని బతికాం. బుల్లెమ్మ ఇల్లు విరిగి కింద పడితే, నేను కొండమీద కూర్చుని మనవణ్ణి ఎత్తుకోలేను."

సంచి తీసి సీతారత్నం చేతిలో పెట్టారు. ఆ పడవలో కొండకు పోయే ఎవరి చేతికైనా ఇమ్మన్నారు. ఆమె పరుగెత్తుకుని వెళ్ళి, ఒకావిడను పట్టుకుని, ఇందుమతి పేరూ ఊరూ చెప్పి ఇచ్చి వచ్చింది. పడవ కదిలింది. ముగ్గురం రేవులో నిలబడి గొంతును పిలిచాం. ఒప్పుకుంటున్నారా అని నన్ను అడిగింది, ఒప్పుకుంటున్నాను అన్నాను. ఒప్పుకుంటున్నారా అని ఆయన్ను అడిగింది. ఆయన పడవకేసి చూస్తూ ఊఁ అన్నారు. ఊఁ చాలదు, మాట చెప్పాలి అంది. చెప్పారు.

కార్తీక శుద్ధ షష్ఠి

గట్టు గదులు నిండిపోయాయి. మా పాత గది వేరేవాళ్ళకు ఇచ్చేశారు. మీరు ఇక్కడే ఉండండి, ఇంత గాలిలో ఎక్కడికి పోతారని మాస్టారు అన్నారు. అలా ఆ ఇంట్లో చుట్టాల్లాగా ఉండిపోయాం. బుల్లెమ్మగారు సామాను మళ్ళీ లోపల పెట్టుకున్నారు.

పట్టపగలే చీకటి పడింది. నీళ్ళు కాలవగట్టు దాటాయి, పెరట్లోకి వచ్చాయి, అరుగు మెట్లు మునిగాయి. ఎక్కడో ఇనుము మూలిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. సీతారత్నం పొయ్యిదగ్గర నేలమీద కూర్చుని ఉంది. అరచెయ్యి గచ్చుకు ఆనించి ఉంచింది. ఆమె చెప్పేదాకా నాకు తెలియలేదు.

"లేచిందండీ."

పొయ్యిమీద పప్పు ఉడుకుతూనే ఉంది. కిటికీలోంచి చూస్తే మెట్లమీదికి వచ్చిన నీళ్ళు అక్కడే ఆగిపోయినట్టు ఉన్నాయి. నీళ్ళు పెరుగుతున్నాయి, మేమూ పెరుగుతున్నాం. పక్కగోడ అవతలనుంచి బుల్లెమ్మగారు మాస్టారూ అని పిలిచారు. ఆయన గోడమీద రెండుసార్లు తట్టారు. అది వాళ్ళకు పాత అలవాటులా ఉంది.

సీతారత్నం ఇంకా చెయ్యి తియ్యలేదు. మనదై ఉంటే కూడా ఇలాగే ఉండేదా అని మెల్లగా అడిగింది. ఇలాగే ఉండేది అన్నాను. కాదులెండి అంది. నాకు ఏడుపు వచ్చింది. మాస్టారు చూడకుండా పప్పు కలిపే మిషమీద పొయ్యివైపు తిరిగాను.

కార్తీక శుద్ధ దశమి

నీళ్ళు తీశాయి. నిర్మలంగా తెల్లవారింది, ఎండ కూడా కాసింది. ముహూర్తం ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో నేను చూసుకోలేదు. పడవలోకి సామాను చేరవేస్తూ ఉన్నాం. గట్టు గదుల్లో పైవరసలో ఒక మూల దొరికింది. రుబ్బురోలు దింపడానికి బుల్లెమ్మగారు ఒక చెయ్యి వేశారు.

బీరువా కోసం లోపలికి వెళ్ళేసరికి మాస్టారు ఫోనులో మాట్లాడుతున్నారు. ఇందుమతి. ఆమె ఏమంటోందో వినపడలేదు, గట్టిగా అంటోందని మాత్రం తెలిసింది. ఆయన గోడకేసి తిరిగి, తప్పుచేసిన పిల్లాడిలా నిలబడి ఉన్నారు.

"అదేం లేదమ్మా. నాకే ఇల్లు వదలబుద్ధి కాలేదు. అలవాటైన చోటు కదా. వచ్చే ఏడాది తప్పకుండా... సరే. సరేనమ్మా. పడుకో."

ఫోను బల్లమీద పెట్టి, నన్ను చూసి, పిల్లకు కోపం వచ్చింది, అదే తగ్గిపోతుందిలే అన్నారు. నిజం చెప్పలేదేమండీ అని అడిగాను. చెప్తే నిన్ను తిట్టుకుంటుంది, నిండు నెలల్లో ఒకరిని తిట్టుకోవడం ఎందుకని, తండ్రినైతే తిట్టి మర్చిపోతుంది అన్నారు. బీరువా ఒక పక్క ఎత్తడానికి వంగారు.

బయటికి వచ్చి సీతారత్నానికి చెప్పాను. ఆమె చేతిలో మూట కింద పెట్టింది. నా వైపు చూసి, "మీరు చెప్పండి. ఇప్పుడే చెప్పండి," అంది.

పడవలో కూర్చుని ఇందుమతికి ఫోను చేశాను. ఎవరండీ అంది. మీ నాన్నగారి ఇల్లు కొన్నవాణ్ణి అన్నాను. అని, కొని నిలబెట్టుకోలేనివాణ్ణి అన్నాను. ముహూర్తం దగ్గరనుంచి రేవులో పడవవాడు పేరు రెండుసార్లు చదవడం దాకా ఏదీ దాచకుండా చెప్పాను. శొంఠీ కరక్కాయా ఆయనే ఏరి కొన్నారని, గడ్డం గీసుకుని పొద్దుటినుంచి తయారై కూర్చున్నారని కూడా చెప్పాను. తిట్టమ్మా, నన్ను తిట్టు అన్నాను. 

"అయితే," అంది, "నాన్నకి రావాలనే ఉందాండీ?"

ఉంది తల్లీ, నేనే రానివ్వలేదు అన్నాను. ఆమె ఏడవడం మొదలుపెట్టింది. నేను ఫోను పట్టుకుని, ఏడుపు ఆగేదాకా పడవలోనే కూర్చున్నాను.